డాష్‌క్యామ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి నల్గొండకు రోజూ కారులో పోయొస్తాను. కారు అద్దానికి అంటించి దారిని వీడియో తీసే, నాలుగు వేల లోపు డాష్‌క్యామ్ కావాలి. ఏం చూసి కొనాలి?

జవాబు: లోపల బ్యాటరీ ఉందా, సూపర్ కెపాసిటర్ (బ్యాటరీకి బదులు కాసేపు కరెంటు దాచిపెట్టే భాగం) ఉందా అని ముందు అడగండి. మే నెల ఎండలో అద్దాలెత్తి పెట్టిన కారు లోపల పొయ్యి మీది పెనమే. నా మొదటి కెమెరా బ్యాటరీ రెండో ఎండాకాలానికే ఉబ్బి, వెనక మూత పైకి లేచింది. కెపాసిటర్ ఆ వేడికి బాగా తట్టుకుంటుంది.

వీడియో స్పష్టత 4కే అని రాసుందని ఎగబడకండి, అంతకన్నా తక్కువదైన 1080పి చాలు. రాత్రి తీసిన వీడియో చూడండి. ఎదురు లారీ లైట్ల వెలుగులో నంబరు ప్లేటు కనబడితేనే కొనండి.

పాత వీడియో మీద కొత్తది ఎక్కుతూనే ఉంటుంది కనుక మామూలు మెమరీ కార్డు తొందరగా పాడవుతుంది. పదే పదే రికార్డు చేసినా తట్టుకునే ‘హై ఎండ్యూరెన్స్’ కార్డే వేయండి, నెలకోసారి ఫార్మాట్ చేయండి, అంటే అందులోదంతా చెరిపేయండి. కెమెరాను వైపర్ తుడిచే జాగాలోనే అంటించండి.

తారీఖు, టైము తప్పక సరిచూసుకోండి. నార్కట్‌పల్లి దగ్గర ఒక బైకు నా కారుకు తగిలినప్పుడు వీడియో స్పష్టంగానే వచ్చింది, తారీఖు మాత్రం 2018 అని పడింది. ఎస్సైకి నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అలాంటిదేమైనా జరిగితే వెంటనే, ఆ వీడియో మీద కొత్తది ఎక్కకుండా ఆపే లాక్ బటన్ నొక్కి, కార్డు తీసి దాచండి.