మా దక్షిణపు కిటికీని తెరిపించింది ఫెంగ్ షుయ్యే

"ఫెంగ్ షుయ్ మన ఇళ్లకు పనికొస్తుందా? ఇంటి విషయంలో తూర్పు దేశాల వాళ్లకీ పాశ్చాత్యులకీ ఇంత తేడా ఎందుకు?" అని అడిగారు. ఫెంగ్ షుయ్ అంటే చైనావాళ్ల వాస్తు లాంటిది. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది రాజోలు దగ్గర ఓ పల్లెటూరు. దక్షిణంగా పోతే అంతర్వేది, ఆ పైన సముద్రం. వేసవిలో మధ్యాహ్నం మూడు దాటాక గాలి అటునుంచే తిరుగుతుంది. తాతగారు కట్టించిన పెంకుటిల్లు. వీధి గుమ్మం, మధ్య గది, పెరటి గుమ్మం ఒకే వరస. వీధి అరుగు మీద నిలబడితే పెరట్లో నూతి గిలక కనిపిస్తుంది. మధ్య గదికి దక్షిణం గోడలో ఓ పెద్ద కిటికీ ఉండేది. 1996 నవంబరు తుపానులో మా కొబ్బరిచెట్లు సగం పడిపోయాయి గానీ ఆ కిటికీ గడియ మాత్రం ఊడలేదు.

అలాంటి కిటికీ ఓ సిద్ధాంతిగారి మాటతో పోయింది. నాన్నకు ఒంట్లో బాగోనప్పుడు ఆయన వచ్చి, "దక్షిణం యముడి దిక్కు, అంత కన్నం ఉండకూడదు" అన్నారు. మూడో రోజుకల్లా ఇటుకలు పేర్చేశాం. నాన్న ఆ ఏడే పోయారు. గోడ మాత్రం పన్నెండేళ్లు ఉండిపోయింది. ఆ పన్నెండు వేసవులూ అమ్మ ఆ గదిలో తాటాకు విసనకర్రతో ఉక్కపోత భరించింది. కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు.

సింగపూర్‌లో పదేళ్లుగా ఉంటున్న అన్నయ్యా వదినా ఓ మే నెలలో వచ్చారు. వదినకు అక్కడి పక్కింటి చైనా ఆవిడ దగ్గర ఫెంగ్ షుయ్ పట్టుబడింది. రాగానే గుమ్మాల వరస చూసి, "అత్తయ్యా, ఇలా ఎదురెదురుగా ఉంటే డబ్బు ఈ గుమ్మంలో వచ్చి ఆ గుమ్మంలో పోతుందంట. మధ్యలో బీరువా అడ్డం పెడదామా?" అంది. "డబ్బు సంగతి దేవుడెరుగు, నా మంచం దగ్గరికి గాలెలా వస్తుందమ్మా?" అంది అమ్మ. వదిన మళ్లీ బీరువా ఊసెత్తలేదు.

మర్నాడు మూసేసిన కిటికీ గుర్తు గోడ మీద చూసింది. "ఇదేంటత్తయ్యా, చైనావాళ్లకు దక్షిణమే అన్నిటికంటే మంచి దిక్కు కదా!" అంది. అమ్మ ఆ రాత్రంతా ఆలోచించింది. పొద్దున్నే కాఫీ ఇస్తూ, "తాపీ మేస్త్రిని పిలవరా" అంది.

మేస్త్రి గునపంతో నాలుగో ఇటుక లాగేసరికి సన్నగా గాలి కూసింది. పదో ఇటుకకు గోడ మీది క్యాలెండరు కొట్టుకోవడం మొదలైంది. దూలాల బూజు ఊగింది, కాలువ గట్టు మీది పచ్చి వాసన గదిలోకి వచ్చింది. అమ్మ దుమ్ములోనే మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఏమీ మాట్లాడలేదు. "ఇంకా పెద్దది చేసెయ్యమంటారా అండీ?" అన్నాడు మేస్త్రి. "ఆయ్, ఎంతుండేదో అంతా తియ్యి" అంది.

చైనావాళ్లు దక్షిణాన్ని ఎందుకు మెచ్చుకున్నారో తర్వాత తెలుసుకున్నాను. వాళ్లకు ఉత్తరం నుంచి ఎముకలు కొరికే చలిగాలి వస్తుంది. అందుకే వెనక కొండ, ముందు ఎండ, నీళ్లు కావాలన్నారు. దిక్సూచిని కూడా వాళ్లు "దక్షిణం చూపే సూది" అనే అంటారు. ఫెంగ్ అంటే గాలి, షుయ్ అంటే నీరు. ఆ రెండూ ఊరూరికీ మారేవే. అక్కడి గుమ్మాల లెక్క మా ఊరికి సరిపడదు, దక్షిణం లెక్క సరిపోయింది. టౌన్‌లో పూజాసామాను పక్కనే పెట్టి అమ్మే నవ్వే బుద్ధుడికీ, నాణెం కరిచిన మూడు కాళ్ల కప్పకూ ఈ గాలితో సంబంధమే లేదు. వాటికి వేలు పోసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ డబ్బుతో ఓ కిటికీ వస్తుంది.

పాశ్చాత్యులకు ఇలాంటి పట్టింపులు లేవనుకోవద్దు. చైనావాళ్లు నాలుగంటే జంకుతారు, ఎందుకంటే ఆ మాట వాళ్ల భాషలో చావులా వినిపిస్తుంది. అమెరికాలో చాలా మేడలకు పదమూడో అంతస్తు అంకే ఉండదు. 2005లో తెరిచిన హాంగ్‌కాంగ్ డిస్నీల్యాండ్‌ను కట్టేటప్పుడు ఫెంగ్ షుయ్ కోసం ప్రధాన ద్వారాన్ని 12 డిగ్రీలు తిప్పారు. ఇక మా కాటన్ దొరగారు! 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించి, మా నేల వాలు చూసి కాలువలు పారించిన మనిషి. తెల్లవాళ్లకు గాలీ నీరూ తెలియవంటే నేనొప్పుకోను. మా కాలువ గట్ల మీద ఆయన విగ్రహాలు ఊరికే లేవు.

నాకు కోపమంతా ఇప్పటి డాబాల మీదే. నాలుగు వైపులా మూసేసి ఏసీ పెడుతున్నారు, సముద్రపు గాలి గోడకు తగిలి వెనక్కి పోతోంది. మొన్న మా వీధిలో ఒకాయన కొత్తింటికి దక్షిణం గోడ మొత్తం మూసి కట్టిస్తుంటే వెళ్లి బతిమాలాను. ఒక్క మధ్యాహ్నం మా మధ్య గదిలో అమ్మ మంచం మీద పడుకుని, ఆ తర్వాత మేస్త్రికి చెప్పమన్నాను. ఆదివారం వస్తానన్నారు.