టెక్ సందేహాలు: ప్రెషర్ వాషర్‌లో ఫినాయిల్ పోయవచ్చా?

పండగలకు ఇల్లు కడిగే రోజులు కావడంతో ఈసారి ప్రెషర్ వాషర్ల (నీళ్లను బలమైన ధారగా కొట్టి కడిగే మెషిన్ల) మీద చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒడిశా వైపు ఉన్న మన తెలుగువాళ్లు రాసిన నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే అందులో ప్రాణం మీదికి వచ్చే విషయం ఉంది.

మాది రాయగడ. వానలు తగ్గేసరికి ప్రహరీ గోడ, తులసికోట చుట్టూ గచ్చు నల్లగా పాచిపట్టాయి. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ప్రెషర్ వాషర్ కొనిచ్చాడు. బజార్లో చిక్కటి ఫినాయిల్, బాత్రూమ్ ఆసిడ్, బ్లీచింగ్ అయిదు లీటర్ల డబ్బాల్లో దొరుకుతున్నాయి. బకెట్ నీళ్లలో ఇవి కలిపి, మెషిన్ పైపు అందులో వేసి కొడితే తోమే పని తప్పుతుంది కదా? డబ్బాల మీద ఒడియా, హిందీ, ఇంగ్లిష్ ఉన్నాయి. నాకు తెలుగు తప్ప చదవడం రాదు. — ఒక గృహిణి

అమ్మా, మెషిన్ నీళ్లు లాక్కునే బకెట్‌లో శుభ్రమైన నీళ్లు తప్ప ఇంకేమీ కలపకండి. ఫినాయిల్ వద్దు, ఆసిడ్ వద్దు, బ్లీచింగ్ అసలే వద్దు. ఆ పైపులో పోసింది ఏదైనా నేరుగా పంపులోకి వెళ్తుంది. ఇళ్లలో వాడే మెషిన్ల పంపుల్లో అల్యూమినియం, ఇత్తడి, ప్లాస్టిక్ భాగాలు, వాటి మధ్య నీరు కారకుండా ఆపే రబ్బరు రింగులు ఉంటాయి. బ్లీచింగ్ ద్రావణం లోహాన్ని తినేస్తుంది, రబ్బరును పెళుసుగా చేస్తుంది. ఆసిడ్ అల్యూమినియాన్ని ఇంకా త్వరగా కొరుకుతుంది. ఫినాయిల్‌లో ఉండే నూనెలకు కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. మొదటి రోజు ఏమీ కనపడదు. కొన్నాళ్లకు పంపు కింద చుక్కలు చుక్కలుగా కారడం మొదలై, ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే పంపే మార్చాలంటాడు.

మెషిన్ పోతే డబ్బుతో సరిపోతుంది. నాకు టెన్షన్ మీ ఊపిరితిత్తుల గురించి. బాత్రూమ్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఉంటుంది. ఇళ్లలో వాడే బ్లీచింగ్ ద్రావణంలో ఉండేది సోడియం హైపోక్లోరైట్. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో కొద్దిగా వచ్చినా కళ్లు మండి, దగ్గు ఆగక, ఊపిరి అందని స్థితి వస్తుంది. కావాలని ఎవరూ కలపరు. కానీ నిన్న ఆసిడ్ పోసిన డబ్బాను కడగకుండా ఇవాళ అందులోనే బ్లీచింగ్ పోస్తారు. మెషిన్‌కు సబ్బును పీల్చే సన్న గొట్టంలో మిగిలిపోయిన పాత మందు కొత్త మందుతో కలుస్తుంది. ఇలా తెలియకుండా జరిగే కలయికే ఎక్కువ ప్రమాదం. పైగా ప్రెషర్ వాషర్ ద్రవాన్ని తుంపరగా చిమ్ముతుంది. చీపురుతో కడిగేటప్పుడు నేల మీదే ఉండే మందు ఇప్పుడు గాలిలో తేలి కంట్లోకి, ముక్కులోకి వస్తుంది. ఇంకో మాట, ఆసిడ్ సిమెంటు గచ్చును, మొజాయిక్‌ను, పాలరాతిని కూడా తినేస్తుంది. పాచి పోయిందనుకునే లోపు మెరుపు కూడా పోతుంది.

మరి పాచి ఎలా పోవాలి? మందు పని వేరుగా, మెషిన్ పని వేరుగా చేయండి. పాచికి బాగా పనిచేసేది బ్లీచింగ్ ద్రావణమే. దాన్ని ప్లాస్టిక్ బకెట్‌లో డబ్బా మీద రాసిన కొలత ప్రకారం చన్నీళ్లలో కలిపి, చీపురుతోనో పొడుగు కర్రకు కట్టిన బ్రష్‌తోనో గోడకు పట్టించండి. పది నిమిషాలు ఉంచండి, ఎండిపోనివ్వకండి. తర్వాత మెషిన్‌తో ఉత్త నీళ్లు కొట్టండి. ఎండ తగ్గాక, సాయంత్రం పూట చేస్తే మందు త్వరగా ఆరిపోదు. పట్టించేటప్పుడు కింద నుంచి పైకి, కడిగేటప్పుడు పై నుంచి కిందికి రావాలి. అలా కాకపోతే గోడ మీద చారలు మిగులుతాయి. తులసి మొక్కకు ముందే బాగా నీళ్లు పోసి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పండి. కడిగిన నీళ్లు బావి వైపు పారకుండా చూసుకోండి. బ్లీచింగ్ పౌడర్ అయితే కలిపాక కాసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మాత్రమే వాడండి. అడుగున మిగిలే సున్నపు నలక గచ్చు మీద తెల్లటి మచ్చలు పెడుతుంది.

డబ్బా మీది రాతల సంగతి. మీ ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరిచి, కెమెరా గుర్తు నొక్కి, ఇంగ్లిష్ నుంచి తెలుగు అని పెట్టి డబ్బా వెనక్కి చూపించండి. రాసింది తెలుగులో కనిపిస్తుంది. అంకెలు మాత్రం అసలు డబ్బా మీదే సరిచూసుకోండి, కెమెరా ఒక్కోసారి చుక్కలను, గీతలను తప్పుగా చదువుతుంది. సోడియం హైపోక్లోరైట్ అని ఉంటే అది బ్లీచింగ్ జాతి. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ అని ఉంటే దాన్ని మొదటిదానికి దూరంగా, వేరే గదిలో పెట్టండి. ఎర్ర అంచు డైమండ్ గుర్తులో చెయ్యి కాలుతున్నట్టు బొమ్మ ఉంటే తొడుగులు లేకుండా మూత కూడా తీయకండి. లేబుల్ లేని విడి ఫినాయిల్‌లో ఏముందో చూసి చెప్పే దారి లేదు కాబట్టి దాన్ని మెషిన్ దరిదాపులకు తేవద్దు. ఏ మందునూ కూల్ డ్రింక్ సీసాలో పోసి దాచకండి. పిల్లలు తాగేస్తారు.

కంట్లో పడితే వెంటనే పారే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడిగి, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లండి. ఘాటు పట్టి ఊపిరి ఆడకపోతే అన్నీ వదిలేసి ఆరుబయటికి రండి, 108కి ఫోన్ చేయండి. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం వద్దు, డబ్బా వెంట తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గుణుపురంలో చిన్న బైక్ వాషింగ్ షాపు పెట్టాను అన్నా. మెషిన్‌తో ఫోమ్ గన్ (షాంపూ నురగ చిమ్మే గన్) వచ్చింది. షాంపూ డబ్బా మీద లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు అని ఉంది. నేను ఫోమ్ గన్ బాటిల్ నిండా షాంపూ పోసేస్తున్నాను, రోజుకో డబ్బా అయిపోతోంది. ఎంత పోయాలి?

తమ్ముడూ, ఫోమ్ గన్ ఎంచుకోవడం మంచి పని. అది పంపు దాటాక, గన్ ముందు భాగంలో ఉంటుంది కాబట్టి షాంపూ పంపులోకి వెళ్లదు. నీ లెక్కలో మాత్రం ఒక మెట్టు తప్పిపోయింది. బాటిల్‌లో ఉన్నది బయటికి వచ్చేటప్పుడు మెషిన్ నీళ్లతో మళ్లీ కలుస్తుంది. అంటే మందు రెండుసార్లు పలచబడుతుంది. ఎన్ని రెట్లు పలచబడుతుందో ఒక్కసారి కొలిస్తే చాలు.

లీటరు బాటిల్ నిండా ఉత్త నీళ్లు పోసి బిగించు. గన్ మీద ఉన్న నాబ్‌ను నువ్వు రోజూ వాడే చోటే ఉంచు. పెద్ద డ్రమ్ములోకి కొడుతూ బాటిల్ ఖాళీ అవగానే ఆపు. డ్రమ్ములో ఎన్ని లీటర్లు పడ్డాయో కొలువు. ఉదాహరణకు 10 లీటర్లు వచ్చాయనుకుందాం. అంటే బాటిల్‌లో పోసిన ప్రతి లీటరూ బయట 10 లీటర్లు అవుతోంది. డబ్బా చెప్పిన ప్రకారం లీటరుకు 20 మిల్లీలీటర్లు కావాలి కాబట్టి 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. బాటిల్‌లో 200 షాంపూ, 800 నీళ్లు. నువ్వు నిండా పోస్తున్నావు, అంటే చెప్పినదానికి ఐదు రెట్లు. షాంపూ అంతా కాలవ పాలవుతోంది. పైగా చిక్కదనం వల్ల సన్న గొట్టం సరిగ్గా లాగదు, ఎండలో బండి మీద జిడ్డు పొరలా ఆరిపోతుంది. నాబ్ తిప్పితే లెక్క మారిపోతుంది, గన్ మారిస్తే మళ్లీ కొలవాలి. బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టేసుకో, కుర్రాళ్లు ఎవరు పోసినా తప్పు జరగదు.

కొన్ని మెషిన్లకు ఫోమ్ గన్ బదులు సబ్బు లాగే సన్న గొట్టం ఉంటుంది. సబ్బు లాగడం లేదని చాలామంది అంటుంటారు. వెడల్పు నాజిల్ (నీళ్లు చిమ్మే మూతి) పెట్టి ప్రెషర్ తగ్గినప్పుడే అది పీల్చుతుంది, సన్న ధార నాజిల్ ఉంటే పీల్చదు. రంగు నాజిళ్ల సెట్‌లో సబ్బు కోసం ఇచ్చేది సాధారణంగా నల్లది. పని అయ్యాక ఆ గొట్టాన్ని శుభ్రమైన నీళ్లలో ముంచి నిమిషం పాటు ఆడించు. లేదంటే ఎండిన సబ్బు లోపలే గడ్డకడుతుంది. బట్టల పౌడర్ వాడకు, కరగని పలుకులు నాజిల్‌ను మూసేస్తాయి. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ చైన్‌కి కూడా మెషిన్‌తో కొట్టకు. తుంపరగా మారిన పెట్రోల్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంకొకటి, షాపులో నువ్వు చూసే ఉంటావు. కుర్రాళ్లు సరదాకి ఒకరి కాళ్ల మీద ఒకరు కొట్టుకుంటారు. ఇళ్లలో వాడే మెషిన్ కూడా 100 బార్లకు (బార్ అంటే ప్రెషర్ కొలత) పైగా ప్రెషర్ ఇస్తుంది. దగ్గరగా తగిలితే చర్మాన్ని చీల్చుకుని నీరు, మందు లోపలికి దూరతాయి. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువే. లోపల కండ మాత్రం చచ్చిపోవడం మొదలవుతుంది. బ్యాండేజీ వేసి వదిలేయకుండా అదే గంటలో ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డాక్టర్‌కి ప్రెషర్ వాషర్ ధార తగిలిందని, అందులో ఏ మందు ఉందో కూడా చెప్పాలి. ఈ సంగతి కుర్రాళ్లకు రేపే చెప్పు.

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను సర్. నా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ఐపీ67 అని కంపెనీ చెప్పింది. ప్రెషర్ వాషర్‌తో నిర్భయంగా కడగవచ్చు కదా?

కడగవద్దండి. ఐపీ అంటే దుమ్ము, నీరు లోపలికి రాకుండా ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్. ఐపీ67లో చివరి 7 అంకె మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా నీరు చొరబడదని చెబుతుంది. నిలిచి ఉన్న నీళ్లలో మునగడం వేరు, ధారగా గుద్దడం వేరు. నీటి ధారలకు 5, 6 అంకెలు, దగ్గర నుంచి కొట్టే అధిక ప్రెషర్ వేడి నీళ్లకు 9 అంకె, వేరే పరీక్షలు. 7 పాసైందంటే 5, 6 కూడా పాసైనట్టు కాదు. పైగా ఆ అంకె బ్యాటరీ పెట్టెది. ఛార్జింగ్ సాకెట్, డిస్‌ప్లే, వైర్ల కనెక్టర్లు, చక్రాల బేరింగులు దాని కిందికి రావు. మగ్గుతో నీళ్లు పోసి, నీళ్లలో కలిపిన షాంపూతో స్పాంజ్ పెట్టి కడగండి. చక్రాల మీది బురదకు మాత్రం మెషిన్ వాడాలనుకుంటే వెడల్పు నాజిల్‌తో, అడుగు దూరం నుంచి కొట్టండి.

జయపురం. మేడ మీదికి ప్లగ్ అందక పాత ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతున్నాను. మెషిన్ మూలుగుతూ ఆగిపోతోంది, వైరు వేడెక్కుతోంది.

వెంటనే ఆపేయండి. 1500 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. సన్న వైరులో వోల్టేజి పడిపోయి మోటారు తిరగలేక మూలుగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ చేయించుకోండి. చుట్ట చుట్టి ఉంచకుండా పూర్తిగా విప్పి వాడండి, చుట్టలో వేడి బయటికి పోదు. రెండు పిన్నుల అడాప్టర్ పెడితే ఎర్త్ పోతుంది, తడి కాళ్లతో పనిచేసేచోట అది చాలా ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూపించి, లేకపోతే పెట్టించాకే మళ్లీ మెషిన్ ఆన్ చేయండి.