క్యూబా కోసం యుద్ధానికి దిగిన అమెరికా ఫిలిప్పీన్స్‌ను ఎందుకు ఆక్రమించింది?

ప్రధాన కారణం మార్కెట్లు. 1898లో క్యూబాను స్పెయిన్ నుంచి విడిపిస్తామని అమెరికా యుద్ధం మొదలుపెట్టింది. క్యూబాను కలుపుకోబోమని అమెరికా చట్టసభ ఆమోదించిన టెల్లర్ సవరణలో మాట కూడా ఇచ్చింది. స్పెయిన్‌కే మరో వలసగా ఉన్న ఫిలిప్పీన్స్ విషయంలో అలాంటి మాటేమీ లేదు.

1893 ఆర్థిక సంక్షోభంలో అమెరికాలో బ్యాంకులు, రైల్వే కంపెనీలు కుప్పకూలాయి. ఫ్యాక్టరీల సరుకంతా దేశంలోనే అమ్ముడుపోదని, బయటి మార్కెట్లు కావాలని వ్యాపారులు, నాయకులు చాలామంది నమ్మారు. వాళ్ల చూపంతా చైనా మీదే. అంత దూరం వెళ్లే ఆవిరి ఓడలకు దారిలో బొగ్గు నింపుకునే రేవులుండాలి. 1898 మే 1న ఫిలిప్పీన్స్‌లోని మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకాదళాన్ని అమెరికా నౌకాదళాధికారి డ్యూయీ నాశనం చేయడంతో అలాంటి రేవు అందుబాటులోకి వచ్చింది. జూలైలో హవాయినీ కలుపుకున్నారు. డిసెంబరులో పారిస్ ఒప్పందం ప్రకారం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ఇచ్చి ఫిలిప్పీన్స్‌ను తీసుకున్నారు. జూన్ 12నే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిప్పీన్ నాయకుడు అగినాల్డో ప్రతినిధిని ఆ చర్చల్లో కూర్చోనివ్వలేదు. నా దృష్టిలో అసలు అన్యాయం ఇదే.

అమెరికన్లంతా దీన్ని మెచ్చలేదు. ఉక్కు వ్యాపారి కార్నెగీ, కార్మిక నాయకుడు గాంపర్స్, రచయిత మార్క్ ట్వేన్ దీన్ని వ్యతిరేకించారు. అయితే గాంపర్స్ వాదనలో చౌక ఆసియా కూలీలు వస్తారన్న జాతి భయం కూడా ఉందని గుర్తుంచుకోవాలి. 1899 ఫిబ్రవరి 6న సెనేట్ ఒప్పందాన్ని 57–27తో ఆమోదించింది. కావాల్సిన మూడింట రెండొంతుల కంటే ఒక్క ఓటే ఎక్కువ!

అప్పటికి రెండు రోజుల ముందే మనీలా దగ్గర అమెరికా, ఫిలిప్పీన్ సైన్యాల మధ్య కాల్పులు మొదలయ్యాయి. ఆ యుద్ధంలో 4,000 మందికి పైగా అమెరికన్ సైనికులు, హింస, కరువు, రోగాల వల్ల దాదాపు 2 లక్షల మంది ఫిలిప్పీన్ పౌరులు చనిపోయారని అంచనా. ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం 1946లో వచ్చింది.