కంబర్లాండ్ నుంచే ఎక్కండి

బుజ్జీ,

మీ అక్టోబరు సైకిల్ యాత్ర గురించి నిన్న ఫోన్లో నువ్వు గబగబా అడిగినవాటికి నేనూ గబగబా ఏదో చెప్పేశాను. పెట్టేశాక కూర్చుని ఆలోచిస్తే అసలు చెప్పాల్సినవి సగం చెప్పనే లేదు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

గ్రేట్ అలిఘెనీ ప్యాసేజ్ అనే ఈ సైకిల్ దారి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్లు. మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది తప్ప గత పన్నెండేళ్లలో ఒక్క అక్టోబరు కూడా నేనూ మీ బాబాయీ దాన్ని వదల్లేదు. మీకున్నది రెండు రోజులు కాబట్టి మొత్తం కుదరదు. మీ ఆఫీసులో ఎవరో ఫ్రాస్ట్‌బర్గ్‌లో ఎక్కి కంబర్లాండ్‌కి 15 మైళ్లు దిగిపొమ్మన్నారని చెప్పావు. అలా చెయ్యొచ్చు, పెడల్ తొక్కాల్సిన పనే పెద్దగా ఉండదు, గంటా గంటన్నరలో అయిపోతుంది. అంత త్వరగా అయిపోవడమే నాకు నచ్చదు. అంత దూరం నుంచి వస్తున్నారు, చెట్లన్నీ చెంపల పక్కనుంచి గీతల్లా వెళ్లిపోతే ఏం చూసినట్టు? నా మాట విని కంబర్లాండ్‌లో మొదలుపెట్టి ఎక్కండి. మొదటి రోజు మయర్స్‌డేల్ దాకా 32 మైళ్లు, రెండో రోజు ఓహియోపైల్ దాకా 40. మొదటి రోజు దూరం తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, అసలు కష్టమంతా అందులోనే ఉంది.

ఆ ఎక్కుడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కంబర్లాండ్ ఆరువందల చిల్లర అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి సుమారు 24 మైళ్లు వెళ్లేసరికి ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్, అంటే వాన నీళ్లు రెండువైపులకి చీలిపోయే గట్టు, వస్తుంది, దాని ఎత్తు 2,392 అడుగులు. అంటే పదిహేడు వందల అడుగులకి పైనే ఎక్కుతారు, కానీ వాలు ఎక్కడా రెండు శాతం దాటదు. వంద అడుగులు ముందుకి పోతే రెండడుగులు కూడా లేవదన్నమాట. కంటికి అది చదునుగానే కనిపిస్తుంది. మనం తెనాలి పక్కన పుట్టి పెరిగినవాళ్లం, ఎత్తంటే మనకి తెలిసింది కాలవ గట్టే. మొదటిసారి నేను అక్కడ తొక్కుతుంటే ఎంత తొక్కినా సైకిల్ కదలనట్టు, ఎవరో వెనక సీటు పట్టుకుని లాగుతున్నట్టు అనిపించింది. బ్రేక్ పట్టేసిందేమో అనుకున్నా. దిగి, సీటు పట్టి వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పాను. హాయిగా తిరుగుతూనే ఉంది, ఎంతసేపటికీ ఆగదే! మళ్లీ ఎక్కి ఓ మైలు పోయాక మళ్లీ అదే అనుమానం, మళ్లీ దిగాను. అలా మూడుసార్లు. మూడోసారి వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దారి కిందికి జారిపోయి, లోయ అవతల కొండలు నా కళ్ల ఎత్తుకి వచ్చేసి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. అప్పటికే మొండికేసి తొక్కి తొక్కి కాళ్లు పిండేసుకున్నా, ఫ్రాస్ట్‌బర్గ్ చేరేసరికి పిక్కలు పట్టేశాయి, అక్కడ బెంచీ మీద గంటసేపు కూర్చుండిపోయాను.

ఆ దారి మనకోసం వేసింది కాదు, రైలుకోసం. 1912లో వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే వాళ్లు బొగ్గు, సరుకు మోసుకెళ్లడానికి కొండలు తొలిచి, లోయలకి వంతెనలు కట్టి వేశారు. ఇనప చక్రం ఇనప పట్టా మీద నిటారుగా ఎక్కలేదు, జారిపోతుంది, అందుకని కొండని చుట్టి చుట్టి ఒకే వాలు పెట్టుకుంటూ వెళ్లారు. నువ్వూ ఆ రైలులాగే వెళ్లాలి. తేలిక గేరు వేసుకో, కాళ్లు ఒకే లయలో తిరుగుతూ ఉండాలి, ఎక్కడా ఊపిరి బిగపట్టి తొక్కొద్దు. మీరిద్దరూ మాట్లాడుకుంటూ పోగలగాలి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే, ఒక గేరు తగ్గించు. అల్లుడు జిమ్‌కి వెళ్తాడు కదా, ముందు పరిగెడతాడు, పరిగెత్తనీయకు. గంటకి ఎనిమిది మైళ్లు పోతే చాలు. తొమ్మిదింటికి బయల్దేరితే మధ్యలో ఆగుతూ కూడా ఒంటిగంటన్నరకి డివైడ్ దగ్గరుంటారు.

ఎక్కే దారిలో ఫ్రాస్ట్‌బర్గ్ దాకా పక్కనే రైలు పట్టాలుంటాయి. టూరిస్టుల కోసం నడిపే పాత రైలు అది, అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి జనం బాగా వస్తారు. పదో మైలు దగ్గర బ్రష్ టన్నెల్ అని ఒకటుంది, దాంట్లో రైలూ మనమూ ఒకే గుహలోంచి పోవాలి, మధ్యలో కంచె ఉంటుంది. కూత వినిపించినా, పట్టాలు సన్నగా మోగుతున్నా లోపలికి వెళ్లొద్దు, బయటే ఆగి రైలు పోయాక, పొగ కూడా తేరుకున్నాక వెళ్లండి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఆకుల సంగతి. అక్కడి ఆకుల్ని చూడాలనే కదా వస్తున్నారు, ప్రమాదమూ ఆ ఆకులతోనే. డివైడ్ దగ్గర ఎత్తు ఎక్కువ, చలి ముందొస్తుంది, అందుకే రంగు కూడా అక్కడ ముందు తిరుగుతుంది. కింద నది పక్కన కొన్నాళ్లు ఆలస్యం. మీరు వచ్చే మూడో వారంలో పైన సగం రాలిపోయి, కింద నిండుగా ఉండొచ్చు. ఒక మేపుల్ చెట్టు కింద ఆగి ఒక్క ఆకు చేతిలోకి తీసుకుని చూడు. ఆకు ఈనెల పక్కన ఇంకా పచ్చగా, అంచులకి పోయేకొద్దీ పసుపు, మొనల దగ్గర కుంకుమ రంగు. ఆ పసుపు ముందునుంచీ ఆకులో ఉన్నదేనట, పచ్చదనం విరిగిపోయాక బయటపడుతుంది. ఎరుపు మాత్రం అలా కాదు, రాలబోయే ముందు చెట్టు కొత్తగా తయారుచేసుకుంటుంది. పగలు మంచి ఎండ, రాత్రి మంచు పడనంత చలి ఉన్న ఏడాది ఆ ఎరుపు ఎంత బావుంటుందో నేను చెప్పలేను. ఓక్ చెట్లు చివర్లో తిరుగుతాయి, ఇటుక రంగులో. వాటికోసం కూడా తల ఎత్తు.

కానీ తొక్కుతూ తల ఎత్తొద్దు, ఆగి ఎత్తు. రాలిన ఆకుల కింద ఏముందో తెలీదు, వేరు ఉండొచ్చు, గుంట ఉండొచ్చు, నల్ల వాల్‌నట్ కాయలు నిమ్మకాయలంతవి దొర్లుతుంటాయి, ముందు చక్రం దానిమీదకి ఎక్కిందంటే హ్యాండిల్ మన మాట వినదు. తడి ఆకులైతే సబ్బు నీళ్లే. ఐదేళ్ల కింద కాన్‌ఫ్లుయెన్స్ ఊరు దాటాక ఓ మలుపులో ఎదురుగా చిన్నపిల్లాడు సైకిల్ మీద వస్తుంటే భయపడి ముందు బ్రేక్ గట్టిగా పట్టాను, చక్రం ఆకుల మీద పక్కకి జారింది, పడ్డాను. మణికట్టు వాచి మూడు వారాలు అట్ల కాడ పట్టుకోలేకపోయా. కాబట్టి మలుపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకో, వెనక బ్రేక్ మెల్లిగా, ముందుది ఇంకా మెల్లిగా. మలుపులో బ్రేక్ ముట్టుకోవద్దు.

ఫ్రాస్ట్‌బర్గ్ దాటాక మేసన్ డిక్సన్ లైన్ వస్తుంది, మేరీలాండ్‌కీ పెన్సిల్వేనియాకీ సరిహద్దు, రాళ్ల మీద రాసి ఉంటుంది, ఫొటో తీసుకుంటారు అందరూ. ఇంకాస్త పైన బిగ్ శావేజ్ టన్నెల్, 3,294 అడుగుల పొడవు. దాని ముందు తప్పకుండా ఆగాలి. మీరు ఉదయం నుంచీ ఎక్కిన లోయంతా, ఒక వరస వెనక ఇంకో వరస కొండలు, అన్నీ అక్కణ్నుంచి కనిపిస్తాయి. దిగి వచ్చేవాళ్లకి ఇది సొరంగంలోంచి బయటికి రాగానే ఎదురొస్తుంది, చాలామంది ఓ ఫొటో కొట్టి పోతారు. ఎక్కి వచ్చినవాళ్లు మాత్రం కూర్చుంటారు, నేను ఎన్నిసార్లు చూశానో. లోపలికి వెళ్లేముందు జాకెట్ వేసుకోండి, ఎక్కి ఎక్కి చెమట పట్టి ఉంటుంది, లోపల చలి కొట్టి పైనుంచి నీటిచుక్కలు మెడమీద పడతాయి. దీపాలుంటాయి కానీ ఎండలోంచి వెళ్తారు కాబట్టి మొదట ఏమీ కనపడదు. నల్ల కళ్లద్దాలు తీసేసి, మీ లైట్ వేసుకునే వెళ్లండి.

సొరంగం దాటాక డివైడ్ కాసేపట్లోనే. అక్కడ చిన్న వంతెన కింద గోడమీద దారి ఎత్తుపల్లాల బొమ్మ వేసి ఉంటుంది, మీరు ఎక్కింది చివరి నిటారు ముక్క అని అప్పుడు కళ్లకి కడుతుంది. అక్కడ ఒకవైపు పడ్డ వాన తూర్పుకి చీసపీక్ బే చేరితే, రెండోవైపు పడ్డది ఒహాయో నది, మిసిసిపీ మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి పోతుంది. అక్కణ్నుంచి వాలు మీవైపే.

చీకటి గురించి నాకు టెన్షన్ ఎక్కువ. అక్టోబరు ఇరవైకి సూర్యాస్తమయం ఆరున్నర అని ఫోన్ చూపిస్తుంది, కొండల మధ్య లోయలో ఐదింటికే ఎండ పోతుంది, పోయిన పావుగంటకి వేళ్లు కొంకర్లు పోతాయి. ముందు లైటు, వెనక ఎర్ర లైటు రెండూ చార్జ్ చేసుకుని పెట్టుకోండి, అవసరం రాదని వదిలెయ్యద్దు. పొద్దున నాలుగైదు డిగ్రీలు, మధ్యాహ్నం పదిహేను, అందుకని ఒకటే మందపాటి కోటు కాకుండా పల్చటివి రెండు మూడు. నిండు వేళ్ల గ్లౌజులు లేకపోతే చెప్పు, నా దగ్గర రెండు జతలున్నాయి. పైన వేసుకునేది ముదురు నారింజ రంగైతే మంచిది, ఆ చుట్టుపక్కల అడవుల్లో జింకల వేట అప్పటికే మొదలై ఉంటుంది.

సైకిల్ విషయంలో పెద్దగా చెప్పను, అద్దెకి తీసుకున్నా 38, 40 మిల్లీమీటర్ల టైర్లున్నది అడుగు. గాలి మరీ గట్టిగా కొట్టించకు, మీ బరువులకి 40 పీఎస్ఐ లోపు సరిపోతుంది. దారి దాదాపు అంతా నలిపిన సున్నపురాయి. పొడిగా ఉంటే పరుపులా ఉంటుంది, వాన పడితే తడి ముగ్గుపిండే, చక్రాన్ని పట్టేస్తుంది, చైన్‌కి అంటుకుని కరకరలాడిస్తుంది. ముందురోజు వాన పడితే అరగంట ముందే బయల్దేరండి, రాత్రికి చైన్ గుడ్డతో తుడిచి రెండు చుక్కలు ఆయిల్ వెయ్యండి. స్పేర్ ట్యూబ్, టైరు ఊడదీసే లీవర్లు, చిన్న పంపు ఇద్దరి దగ్గరా ఉండాలి. మార్చడం రాకపోతే రాకముందే ఇంట్లో ఒకసారి మార్చి చూడండి, రాక్‌వుడ్ ఊరు దాటాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

తిండి. దారిలో ఊళ్లు చిన్నవి, మీరు శాకాహారం, చిప్సు తిని 40 మైళ్లు తొక్కలేరు. చింతపండు పులిహోర కలిపి పెడతాను. పెన్‌హిల్స్ గుడిలో ప్రసాదం తిన్నప్పుడల్లా నువ్వు అడిగేదానివి కదా, అలాగే కాస్త ఆవపెట్టి, పల్లీలు ఎక్కువ వేసి. రెండు రోజులు చెడదు, ఉప్పుంటుంది, అన్నముంటుంది. ఒకేసారి కూర్చుని కడుపునిండా తినొద్దు, గంటకోసారి నాలుగు ముద్దలు. ఆకలేశాక తినేది ఆలస్యమే.

రెండో రోజు మయర్స్‌డేల్ నుంచి బయల్దేరగానే సాల్స్‌బరీ వయాడక్ట్, 1,908 అడుగుల వంతెన, కింద కాసెల్‌మన్ నది, రోడ్డు, రైలు పట్టాలు. గాలి పక్కనుంచి తోస్తుంది, నెమ్మదిగా పొండి. కాన్‌ఫ్లుయెన్స్‌లో మూడు ఏర్లు కలుస్తాయి, మన త్రివేణి సంగమంలాగే, అక్కడ మధ్యాహ్నం తినండి. అక్కణ్నుంచి ఓహియోపైల్ పది మైళ్లు, యాకగేనీ నది పక్కనే, ఎడమచేతివైపు కొండ, కుడిచేతివైపు నీళ్ల చప్పుడు. నాకు ఆ పది మైళ్లంటే ప్రాణం. అక్కడ తొందర పడొద్దు, దానికోసమే పొద్దున్నే బయల్దేరమంటున్నా.

రాత్రి స్నానానికి ముందు ఒళ్లంతా చూసుకోండి. మన గేదెలకి పట్టే పిడుదులాంటిదే ఇక్కడ జింకల మీద ఉంటుంది, నువ్వుగింజంత, లైమ్ జబ్బు తెస్తుంది. చలికాలం మొదలైంది కదా ఉండవనుకుంటారు, అక్టోబరు నవంబరుల్లో పెద్దవి బాగా తిరుగుతాయి. మోకాలి వెనక, నడుం దగ్గర, జుట్టు అంచున చూడు. కనబడితే ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగు, నలపొద్దు. ఫొటోల కోసం గడ్డిలో కూర్చునే అలవాటు నీకుంది, అందుకే ఇంతగా చెబుతున్నా.

శుక్రవారం రాత్రికి మా ఇంటికి వచ్చెయ్యండి. శనివారం ఆరున్నరకల్లా బయల్దేరితే మీ బాబాయి తొమ్మిదింటికి కంబర్లాండ్‌లో దింపుతారు, ఆదివారం నాలుగింటికి ఓహియోపైల్‌లో పాత స్టేషన్ దగ్గర కారుతో ఉంటారు. అప్పటికి రాకపోతే ఆయన కంగారుపడతారు, సిగ్నల్ దొరికిన ప్రతిచోటా ఒక మెసేజ్ పెట్టు. అల్లుడి ఎత్తు ఎంతో చెప్పు, బాబాయి సైకిల్ ఆయనకి సరిపోతే అద్దె ఒకటి తగ్గుతుంది.

మీ పిన్ని