మర్రికి మట్టి మార్చే ముందు

పాలమూరు,
శివరాత్రి వెళ్ళిన మూడో రోజు

బిడ్డా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, ఈ ఉగాదికి నువ్వు నల్లగొండ వచ్చి మీ నాయిన కుండీలో చిన్నగా పెంచిన బోన్సాయ్ మర్రికి మట్టి మారుస్తానంటున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నాలుగేండ్ల నుంచి ఆ చెట్టు మీద ఎవరైనా చెయ్యి వేస్తారా అని ఎదురుచూసింది నేనే. నువ్వు వేస్తానంటే గుండె దడదడలాడిందీ నాకే. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయనా, సరే పెద్దనాయనా" అంటావు, సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నా. ఓపిక చేసుకుని చదువు.

ముందు ఒక్క మాట తేల్చుకుందాం. ఆదివారం మట్టి మార్చి సోమవారం పొద్దున హైదరాబాద్ బస్సు ఎక్కుతానంటే మాత్రం వద్దు. మీరు రీపాటింగ్ అని ఒక రోజు పని పేరు చెబుతారు గానీ, అసలు పని తర్వాతి నెల రోజులది. మీ అమ్మ మోకాళ్ళు పట్టుకుని రోజుకు రెండుసార్లు మిద్దె ఎక్కలేదు. నీకు ఇంటి నుంచి పని చేసుకునే వీలుందట కదా, మూడు వారాలు అడిగి తీసుకో. ఇవ్వకపోతే ఈసారికి ఆపేయ్. మర్రి, రావి, జువ్వి వేడి నేల చెట్లు, వానాకాలం మొదట్లో కూడా మట్టి మార్పును తట్టుకుంటాయి. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక చెయ్యొచ్చు. అప్పటిదాకా సన్న ఇనుప చువ్వతో మట్టిలో అక్కడక్కడా రంధ్రాలు పొడిచి, వారానికోసారి కుండీని నీళ్ళ తొట్టిలో కాసేపు ముంచి తీస్తే బతికే ఉంటుంది.

సెలవు దొరికితే ఉగాది దాకా ఆగొద్దు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మన దగ్గర వసంతమంటే ఈ నాలుగు వారాలే. ఆ తర్వాత పొద్దున తొమ్మిదింటికే మిద్దె మీద కాలు పెట్టలేం. ఇప్పుడు చెట్టులో చిగురు కదలబోతోంది, కోసిన వేరు తొందరగా మానుతుంది.

మట్టి మార్చాలా వద్దా అనే అనుమానం లేదులే. నీళ్ళు పోస్తే పైనే నిలబడి అంచుల మీదుగా పొర్లిపోతున్నాయట, చెట్టు కుండీలోంచి వేలెడు పైకి లేచిందట, అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికి వచ్చాయట. లోపల మట్టి కంటే వేర్లే ఎక్కువై ఉంటాయి. మీ నాయిన రెండేండ్లకోసారి తప్పకుండా మార్చేవాడు.

ముందురోజు నీళ్ళు పోయకు. కొద్దిగా ఆరిన మట్టి సులువుగా రాలుతుంది. నీడలో కూర్చుని చెయ్యి, ఫ్యాన్ ఆపేయ్. పదునైన కత్తెర వాడు, వంటింటి కత్తెర వద్దు. రంధ్రాల మీద ప్లాస్టిక్ జాలీ ముక్కలు పరుచు.

మట్టి దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. చేను మనదే కదా అని నల్లరేగడి తెచ్చావో, చెట్టును నీ చేత్తో చంపినట్టే. తడిస్తే జిగటగా పట్టేస్తుంది, ఎండితే నెర్రెలు విచ్చి సన్న వేర్లను తెంచేస్తుంది. చేలో అది బంగారమే గానీ, మూడు వేళ్ళ లోతు కుండీలో వేర్లకు ఊపిరాడదు. పాత ఇటుకలు కొట్టి జల్లెడ పట్టు. పెసరగింజ నుంచి శనగగింజ దాకా ఉన్న ముక్కలు ఉంచుకుని, దుమ్మంతా పారెయ్. ఆ ముక్కలు రెండు పాళ్ళు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చి ఎరువు వేడి చేస్తుంది, వద్దు. కలిపాక పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలాలి, ముద్ద కట్టకూడదు.

చెట్టు బయటికి తీశాక వెదురు పుల్లతో అంచుల నుంచి మెల్లగా, చిక్కు పడిన జడ విప్పినట్టు విప్పు. మొత్తం మట్టి దులిపి పైపుతో కడిగేయకు. కింది వేర్లలో మూడో వంతు వరకే కొయ్యి, అడుక్కు దిగిన లావు వేర్లను ముందు చూడు. మొదలు చుట్టూ నేలకు కరుచుకుని ఉన్న వేర్లను ముట్టుకోకు, మీ నాయిన ఇరవై ఏండ్లు వాటి కోసమే కష్టపడ్డాడు. కోసిన చోట పాలు కారతాయి, కంగారు పడకు. తడి గుడ్డ అద్దితే కాసేపటికి ఆగుతాయి. చేతికి అంటితే వెంటనే కడుక్కో, కళ్ళు నలుపుకోకు. చెట్టు బయట ఉన్నంతసేపూ వేర్ల మీద తడి గోనెపట్టా ఉండాలి. ఫోటోలు తర్వాత తీసుకో.

కుండీలో పెట్టాక అడుగు రంధ్రాల్లోంచి తెచ్చిన తీగతో మొదలును గట్టిగా కట్టు. గాలికి చెట్టు ఊగితే కొత్తగా వచ్చే వేరు తల ప్రతిసారీ తెగిపోతుంది. పుల్లతో పొడుస్తూ వేర్ల మధ్య ఖాళీ లేకుండా మట్టి దించు. ఆ తర్వాత అడుగు నుంచి తేట నీళ్ళు వచ్చేదాకా పొయ్యి.

ఇక నీకు ఎప్పుడూ చెప్పని సంగతి. మీ అమ్మకు తెలుసో లేదో నాకు తెలియదు.

మీ నాయినకు పద్నాలుగేండ్లప్పుడు మన ఊరి మోట బావి గోడలో, రాళ్ళ సందున, ఒక జువ్వి మొక్క మొలిచింది. పిట్ట వేసిన గింజ. నేను పైన తాడు పట్టుకుంటే వాడు నడుముకు కట్టుకుని దిగి, గడ్డపార మొనతో రాయి కదిలించి, వేరు తెగకుండా తీశాడు. పైకి వచ్చేసరికి మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి, మొక్కను మాత్రం చొక్కాలో చుట్టి గుండెకు పట్టుకున్నాడు. పగిలిన కాగు అడుగు భాగంలో నాటాం. బోన్సాయ్ అనే మాట అప్పటికి మాకు తెలియదు. పెరిగితే కత్తిరించేవాడు, అంతే. నాకు పాలమూరులో ఉద్యోగం వచ్చాక "నువ్వే ఉంచుకో అన్నా, ఇక్కడ మేకలు తింటున్నాయి" అని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిచ్చాడు.

1998లో హైదరాబాద్ పోయినప్పుడు నేనొక నీలం రంగు కుండీ కొన్నాను. పలుచని, మెరిసే కుండీ. జువ్విని అందులో పెట్టాలని ఒకటే ఆత్రం. కుండీ చిన్నది, వేర్లు ఎక్కువ. వేర్లకు తగ్గ కుండీ చూసుకోవాల్సింది పోయి, కుండీకి తగ్గట్టు వేర్లు కోశాను. సగానికి మించి కోశాను. మూడు రోజులకు ఆకులన్నీ రాలాయి. నాకు అన్నం సయించలేదు.

పన్నెండో రోజు చిగురు వచ్చింది. ఎర్రగా, అద్దంలా మెరుస్తూ, ప్రతి కొమ్మ చివరా. మీ పెద్దమ్మను పిలిచి చూపించాను. బతికింది, ఇంక భయం లేదనుకున్నాను. అదే రోజు కుండీని నీడలోంచి తీసి మిద్దె మీద ఎండలో పెట్టాను. బలం కావాలని యూరియా నీళ్ళు పోశాను. తెల్లారి నాలుగు రోజుల పెండ్లికి పోయాను.

తిరిగొచ్చేసరికి ఆ చిగురంతా అంచులు నల్లబడి ముడుచుకుపోయింది. దాహమైందనుకుని పొద్దున, సాయంత్రం నీళ్ళు పోశాను. ఇరవై రోజులకు కాండం మీద తోలు ముడతలు పడింది. గోటితో గీరి చూశాను. పచ్చ లేదు, గోధుమరంగు పొడి. మొదలు పట్టుకుని మెల్లగా లేపితే ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. కింద ఒక్క తెల్ల వేరు లేదు. ఉన్నవి నల్లగా, మెత్తగా, వేలు తగిలితే తోలు ఊడిపోతున్నాయి. ఆ కుళ్ళు వాసన ఇవాళ్టికీ నాకు గుర్తే.

ఆ మొదటి చిగురు వేరు ఇచ్చింది కాదు బిడ్డా. చెట్టు తన కాండంలో, కొమ్మల్లో దాచుకున్న తిండితో వేసింది. కింద వేరు ఇంకా పుట్టనే లేదు. ఆకులు ఎండలో నీళ్ళు అడుగుతున్నాయి, పంపేవాళ్ళు లేరు. పైగా నేను పచ్చి గాయం మీద యూరియా పోశాను, తాగలేని చెట్టుకు నీళ్ళు పోసి పోసి మిగిలిన వేర్లనూ కుళ్ళబెట్టాను.

అందుకే చెబుతున్నా, మొదటి చిగురు చూసి మురిసిపో, కానీ నమ్మకు. ఆ చిగురు ముదిరి ఆకై, దాని మీద రెండో విడత చిగురు వస్తే అప్పుడు వేరు పట్టినట్టు. అడుగు రంధ్రంలో తెల్లటి వేరు తల కనిపిస్తే ఇంకా నమ్మకం. అప్పటిదాకా చెట్టును బాలింతలా చూసుకోవాలి. గాలి తగలకుండా, ఎండ తగలకుండా. మీ ఇంటి తూర్పు వరండా మంచిది, పొద్దున గంటసేపు లేత ఎండ వస్తుంది. మూడు, నాలుగు వారాలు అక్కడే ఉంచి, తర్వాత పచ్చ నెట్ కిందికి, ఆ తర్వాతే బయటికి. ఈ ఏడు ఎండాకాలమంతా నెట్ కిందే ఉంచినా నష్టం లేదు. నాకు వడగాలి అంటే అంత భయం.

నీళ్ళు టైమ్ చూసి కాదు, వేలు చూసి పొయ్యి. మట్టిలో వేలు గోరంత దించితే పొడిగా తగిలినప్పుడే. ఆకుల మీద మాత్రం రోజుకు రెండు మూడుసార్లు చిలకరించు. ఇంకో సంగతి, ఫిల్టర్ మిషన్ నుంచి పారేసే నీళ్ళు మీ అమ్మ బకెట్లో పట్టి మొక్కలకు పోస్తుందని విన్నాను. నీళ్ళు వృథా చేయకూడదన్న ఆమె మనసు మంచిదే, కానీ వడపోతలో మిగిలిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. నేలలో ఉన్న కొబ్బరి చెట్టు తట్టుకుంటుందేమో, చిన్న కుండీ తట్టుకోదు. బోరు నీళ్ళకే కుండీ అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది కదా. నల్లా నీళ్ళు పట్టి ఉంచుకో. ఆమెకు నా పేరు చెప్పు, కోపం రాదు.

మట్టిలో కలిపింది కాక వేరే ఎరువు నెలన్నర దాకా వద్దు. తర్వాత కూడా పలుచగా, కొద్దికొద్దిగా. మన పాలమూరు పిల్లలమర్రి చెట్టు సంగతి నీకు గుర్తుందా? 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు తొలిచేశాయి. మొదట కాండానికి రంధ్రాలు చేసి మందు పోస్తే అంతా బయటికి కారిపోయింది. ఆ తర్వాత ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి బొట్టు బొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మల కింద స్తంభాలు నిలబెట్టారు. ఏడు వందల ఏండ్లదని చెప్పుకునే చెట్టు, అంత మానుకే మందు బొట్టు బొట్టుగా ఎక్కాల్సి వచ్చింది. మీ నాయిన నన్ను తీసుకుని అక్కడికి పోయి, గేటు బయట నిలబడి ఆ సీసాలను దూరం నుంచే చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

వేర్లు కోసిన రోజే కొమ్మలు కూడా దిద్దాలని చూడకు. ఆకు దూయడం, కొమ్మ వంచడానికి తీగ చుట్టడం ఈ ఏడు అసలే వద్దు. కుడివైపు కింది కొమ్మ మీద చుట్లు చుట్లుగా గాట్లు కనిపిస్తాయి. మీ నాయిన ఆఖరిసారి చుట్టిన తీగ, ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ విప్పడం మరిచిపోయాం. నేను వచ్చి కత్తిరించేసరికి తోలులోకి దిగిపోయింది. ఆ కొమ్మ బాగాలేదని ఎవరైనా కోసేయమంటే వినకు. మెల్లగా పూడుతుంది.

నీ తక్కిన కుండీల గురించి రెండు ముక్కలు. కాగితం పూల చెట్టు వేర్లు పెళుసు, మట్టిగడ్డ విడగొట్టకుండా అలాగే మార్చు. ఎడారి గులాబి వేరు కోస్తే నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మట్టిలో నాటి, మరో వారం దాకా నీళ్ళు ముట్టించకు. చింతను ఈసారికి వదిలెయ్, అన్నీ ఒకేసారి నెత్తిన వేసుకోకు.

మర్రికి ఆన్‌లైన్‌లో కొత్త కుండీ ఆర్డర్ పెట్టావట. వద్దు బిడ్డా, వేరే మొక్కకు వాడుకో. జువ్వి చచ్చిపోయిన ఏడు దసరాకు మీ నాయిన వచ్చినప్పుడు, ఖాళీ నీలం కుండీ గోడవార పడి ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఒక్క మాట అనలేదు. నల్లా కింద కడిగి సంచిలో పెట్టుకుపోయాడు. మరుసటి ఏడు మీ ఇంటి పిట్టగోడ పగులులో మొలిచిన మర్రిని తీసి అందులో నాటాడు. నువ్వు మట్టి మార్చబోయేది ఆ కుండీలోనే. వెనుకవైపు ఒక మూల చిన్న పెచ్చు లేచి ఉంటుంది. జువ్విని లాగి పడేసిన రోజు నా చేతిలోంచి జారి అలా అయింది.

రోజు ఖాయం చేసి చెప్పు. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సులో నేనే వస్తా. వద్దనకు. చెయ్యి పెట్టను, స్టూలు వేసుకుని పక్కన కూర్చుంటా. కత్తెర నీ చేతిలోనే ఉంటుంది. జాలీ, తీగ నేను తెస్తా. నువ్వు ఇటుక ముక్కలు జల్లెడ పట్టి ఉంచు. చెట్టు బయటికి తీశాక నీలం కుండీని కొబ్బరి పీచుతో మెల్లగా రుద్ది కడుగు, ఆ మూల ఇంకా పగలకుండా చూసుకో.

మీ పెద్దనాయన