కర్నూలులో కొత్త ఇల్లు: స్లాబు పడేలోపు స్మార్ట్ హోమ్ కోసం ఏ పైపులు, ఏ వైర్లు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కల్లూరు వైపు అమ్మానాన్నల కోసం కింద, పైన రెండంతస్తుల ఇల్లు కట్టిస్తున్నారు, మీరుండేది బెంగళూరులో, మొదటి స్లాబుకు సెంట్రింగ్ మొదలైంది. స్మార్ట్ హోమ్ కోసం ముందే ఏ వైర్లు వేయించాలి అంటే, ఎలక్ట్రీషియనేమో "ఇప్పుడంతా వైఫైయే కదా సార్, వైర్లు దండగ" అంటున్నాడు.

నేను కర్నూలు, నంద్యాల చుట్టుపక్కల కెమెరాలు, నెట్‌వర్క్ కేబులింగ్ పని చేస్తుంటాను. మీ ఎలక్ట్రీషియన్ చెప్పినదాంట్లో సగం నిజమే. బల్బులు, స్విచ్చులు వైఫై మీదో జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలు వాడే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) మీదో నడుస్తాయి, వాటికి వేరే వైరు అక్కర్లేదు. కానీ ఆ వైఫై తొమ్మిదించుల గోడలూ, నిండా కడ్డీలున్న స్లాబూ దాటి పై అంతస్తుకు ఎట్లా పోతుందో ఆయన చెప్పడు. కింద హాల్లో రౌటర్ పెడితే పై బెడ్‌రూంలో సిగ్నల్ ఒక గీతకు పడిపోవడం మనూళ్ళో ప్రతి రెండో ఇంట్లో చూస్తున్నదే. వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండు గోడల దగ్గరే చతికిలబడుతుంది, 2.4 కాస్త నయం.

అయితే నన్నడిగితే మీ ఇంటికి మొదటి వైరు వైఫై కోసం కాదు, నీళ్ళ ట్యాంకు కోసం. పెద్దవాళ్ళిద్దరే ఉండే ఇల్లు అంటున్నారు. కుళాయి నీళ్ళు వచ్చినప్పుడు సంపు నింపుకోవాలి, సంపులోంచి మిద్దె మీది ట్యాంకుకు మోటారు వేయాలి, నిండిందో లేదో చూడటానికి మీ నాన్నగారు మెట్లెక్కాలి. మర్చిపోతే నీళ్ళు పొర్లి వీధిలోకి పోతాయి, లేదా సంపు ఖాళీ అయ్యాక కూడా మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. "హే గూగుల్, లైటాపు" అనే ముచ్చట తర్వాత. ట్యాంకు దగ్గర్నుంచి మోటారు స్టార్టర్ బోర్డు దాకా ఒక పైపు, సంపు మూత పక్క నుంచి అదే బోర్డుకు ఇంకో పైపు ఇప్పుడే వేయించండి. లోపల నాలుగు కోర్ల సన్న వైరు చాలు. ఫ్లోట్ స్విచ్ పెట్టినా, స్టీలు పుల్లల సెన్సరు పెట్టినా, రేపు ఇంకేదైనా కొత్తది వచ్చినా ఆ వైరు మీదనే నడుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. వైఫై రిలే (ఫోన్‌తో ఆన్ ఆఫ్ చేసే చిన్న స్విచ్) ముక్కతో మోటారును నేరుగా ఆన్ ఆఫ్ చేయించకండి. మోటారు లేచేటప్పుడు మామూలుగా తాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, ఆ చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్లో ఆఫ్ అని చూపిస్తూనే మోటారు తిరుగుతుంటుంది. రిలే అనేది కాంటాక్టర్ (మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ను మాత్రమే నడపాలి, మోటారును కాంటాక్టర్ నడపాలి. స్టార్టర్ బోర్డులో దానికి చోటు ఉంచమని ఇప్పుడే చెప్పండి. చేత్తో వేసుకునే స్విచ్ కూడా తప్పకుండా ఉండాలి. నెట్ లేని రోజు అమ్మగారు మోటారు వేసుకోలేక మీకు బెంగళూరుకు ఫోన్ చేసే పరిస్థితి రాకూడదు.

ఇక స్లాబు సంగతి. గోడల్లో పైపు మర్చిపోతే ప్లాస్టరింగ్‌కు ముందు గాడి కొట్టి పెట్టుకోవచ్చు, స్లాబులో మర్చిపోతే ఇక పైపు గోడ మీదే పాకాలి. కాబట్టి ఈ వారం మీరు తేల్చుకోవాల్సింది స్లాబులోకి ఏం పోవాలన్నదే. నా లెక్కలో మూడు. ఒకటి, హాలుకూ లోపలి గదులకూ మధ్య నడవా సీలింగులో ఒక బాక్సు, అక్కడ వైఫై యాక్సెస్ పాయింట్ (వైరు మీద వచ్చిన నెట్‌ను అక్కడి నుంచి వైఫైగా పంచే డబ్బా) వస్తుంది. పై అంతస్తు స్లాబులోనూ ఇదే. రెండు, కింది నుంచి పైకి, పై నుంచి మిద్దె మీదికి నిలువుగా 32 ఎంఎం పైపులు రెండు: ఒకదాంట్లో వైర్లు, రెండోది ఖాళీ. మూడు, సన్‌షేడ్ల కింద కెమెరాలు వచ్చే మూలలకు పైపులు.

స్లాబు రోజు జరిగేది దగ్గరుండి చూస్తే తప్ప అర్థం కాదు. కింది జాలీ కట్టాక, పై కడ్డీలు పరిచేలోపు ఎలక్ట్రీషియన్ పైపులు వేసి బైండింగ్ వైరుతో కడతాడు. మర్నాడు కాంక్రీటు మోసేవాళ్ళు వాటి మీదే నడుస్తారు, వైబ్రేటర్ తగులుతుంది. పైపులను కలిపే కాలర్‌కు సొల్యూషన్ (పైపు జిగురు) పూయకుండా ఉత్తగా దూర్చిన జాయింటు అప్పుడు ఊడుతుంది, లోపలికి సిమెంటు పాలు దిగుతాయి. రెండు వారాల తర్వాత వైరు లాగే స్ప్రింగ్ తోస్తే సగం దూరంలో రాయిలా తగులుతుంది. అందుకని ప్రతి జాయింటుకూ సొల్యూషన్ పూయించండి, పైపు చివర్లు సిమెంటు సంచి ముక్కలతో కాకుండా మూతలతో మూయించండి, కాంక్రీటు పోసే రోజు పొద్దున మీ తరఫు మనిషి ఒకరు పైన తిరిగి చూడాలి. మీరు రాలేకపోతే మీ నాన్నగారికి చెప్పి, పైపుల పక్కన టేపు పెట్టి ఫోన్లో ఫోటోలు తీయించండి, గోడ నుంచి ఎన్ని అడుగుల్లో పోయిందో కనబడేట్టు. తర్వాత ఫ్యాన్‌కో ఫాల్స్ సీలింగ్‌కో డ్రిల్లింగ్ చేసేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

పైపు సైజు దగ్గర పిసినారితనం వద్దు. నెట్‌వర్క్‌కు వాడే క్యాట్ 6 వైరు సుమారు 6 ఎంఎం లావుంటుంది. 20 ఎంఎం పైపులో రెండు, 25 ఎంఎం పైపులో నాలుగు వేసుకుంటే తేలిగ్గా లాగొచ్చు, అంతకు మించి కుక్కితే వైరు తోలు గీరుకుపోతుంది. రెండు మలుపులు దాటితే మధ్యలో బాక్సు పెట్టించండి. ఎల్బోలు వద్దు, పెద్ద వంపున్న బెండులే వాడమనండి. ఖాళీగా వదిలే పైపులో నైలాన్ తాడు ఒకటి వేసి వదలాలి, ఇనుప తీగ అయితే తుప్పు పడుతుంది.

కరెంటు వైర్లతో పాటు ఒకే పైపులో నెట్‌వర్క్ వైరు దూర్చడం మాత్రం ఒప్పుకోకండి. పైపు మిగులుతుందని చాలామంది ఇదే పని చేస్తారు. ఎక్కడైనా కరెంటు వైరు తోలు పోయిందంటే 230 వోల్టులు కెమెరాలోకీ, రౌటర్‌లోకీ, దాన్ని పట్టుకున్న మనిషిలోకీ వస్తాయి. సమాంతరంగా పోయేచోట రెండు పైపుల మధ్య అడుగు దూరం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా ప్లస్ గుర్తులా దాటించాలి.

వైరు కొనేటప్పుడు జాగ్రత్త, ఈ పనిలో ఎక్కువ మోసం జరిగేది అక్కడే. 305 మీటర్ల డబ్బా మీద క్యాట్ 6 అని పెద్దక్షరాలతో ఉంటుంది, లోపల అల్యూమినియం తీగకు రాగి పూత. ధర చూసి మురిసిపోతాం. ఒక ఇంట్లో ఇదే వైరుతో ఎవరో వేసిన కెమెరాలు పగలంతా బాగానే పనిచేసేవి, చీకటి పడగానే వెనక గేటు కెమెరా ఒక్కటే ఆగిపోయి మళ్ళీ లేచేది. కెమెరా పాడైందని మార్చారు, కొత్తదీ అదే వరస. రాత్రి కెమెరాలో ఎర్ర లైట్లు వెలిగితే కరెంటు ఎక్కువ కావాలి. ఆ అల్యూమినియం వైరులో అంత దూరం పోయేసరికి వోల్టేజీ పడిపోతోంది. వైరు మార్చాక గొడవే లేదు. కొనే ముందు ఒక తీగ చివర బ్లేడుతో గీకి చూడండి. రాగి అయితే లోపలా ఎర్రగానే ఉంటుంది, పూత అయితే తెల్లగా బయటపడుతుంది. పూత వైరు డబ్బా చేత్తో ఎత్తినా తేలిగ్గా ఉంటుంది. దుకాణంలో గీకి చూడనివ్వకపోతే ఇంకో దుకాణానికి పోండి. మామూలు ఇంటికి క్యాట్ 6 చాలు: 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ వేగం ఇస్తుంది, 50 మీటర్ల లోపు పది గిగాబిట్లూ ఇస్తుంది. దాని పై రకం క్యాట్ 6ఏ లావుగా, మొండిగా ఉంటుంది, మన పనివాళ్ళతో దాన్ని సరిగ్గా బిగించడం కష్టం.

ప్రతి పాయింటు నుంచీ వైరు అతుకు లేకుండా ఒకే చోటికి రావాలి. సీలింగు పాయింట్లు రెండు, టీవీ దగ్గర రెండు, మీరొచ్చినప్పుడు ఆఫీసు పని చేసుకునే టేబులు దగ్గర రెండు, కెమెరాలకు ఐదారు, తలుపు బెల్లుకు ఒకటి, మోటారు బోర్డు దగ్గర ఒకటి. వెరసి పదమూడో పద్నాలుగో అవుతాయి. పాయింటుకు సగటున 20 మీటర్లు వేసుకున్నా ఒక డబ్బాలో సరిపోతుంది. కెమెరాలకూ యాక్సెస్ పాయింట్లకూ ఆ వైరులోనే కరెంటు పోతుంది, దాన్ని పీఓఈ అంటారు. ఈ వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ మామూలు రకందైనా ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, ఇంటి కెమెరాకు అది ఎక్కువే. కాబట్టి మిద్దె అంచున కెమెరా పక్కన మళ్ళీ ప్లగ్గు పాయింటు, దానికో అడాప్టర్, దానికో వాన నీటి గొడుగు ఇవేవీ అక్కర్లేదు.

ఆ ఒకే చోటు ఎక్కడన్నది కర్నూలులో కాస్త ఆలోచించే పని. చాలామంది మిద్దె మీది మెట్ల గదిలో పెట్టిస్తారు, ఎవరికీ అడ్డం ఉండదని. ఎండాకాలం బయటే 42, 43 డిగ్రీలుంటే పైన రేకు తలుపు మూసిన ఆ గది కొలిమి అవుతుంది, స్విచ్, రౌటర్ రెండేళ్ళకు మించి బతకవు. మెట్ల కింద అల్మారాలో పెడితే చెమ్మ. పైగా 2009 అక్టోబరు వరద చూసిన ఊరు ఇది, తుంగభద్ర, హంద్రీ నీళ్ళు ఊళ్ళోకి వచ్చి కింది ఇళ్ళు మునిగాయి. మీ స్థలం ఎత్తులో ఉన్నా సరే, పై అంతస్తులో నీడపట్టు గది ఒకటి చూసి, నిలబడితే చేతికందే ఎత్తులో గోడకు చిన్న ర్యాక్ (స్విచ్, రౌటర్ పెట్టే పెట్టె) పెట్టించండి. దానికి ఇన్వర్టర్ లైను నుంచి ఒక ప్లగ్గు ఇవ్వాలి. రౌటర్, స్విచ్ తాగేది తక్కువ కరెంటే, కరెంటు పోయినా కెమెరాలు, నెట్ నడుస్తాయి.

ఇంటర్నెట్ ఫైబర్ తీగ కోసం ఇంటి ముందు గోడ నుంచి ఆ ర్యాక్ దాకా ఒక పైపు వదలండి. బీఎస్ఎన్ఎల్ అయినా, ఏపీ ఫైబర్‌నెట్ అయినా, జియో అయినా వాళ్ళ మనిషి వచ్చి కిటికీ చెక్కకు బొక్క పెట్టి తీగ లాగేస్తాడు. రంగులు వేసిన కొత్తింట్లో అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందులో రెండో తాడు కూడా ఉంచండి, కంపెనీ మార్చినప్పుడు పనికొస్తుంది.

టీవీ గోడకు 50 ఎంఎం పైపు ఒకటి, టీవీ వెనక నుంచి కింద అల్మారా దాకా. హెచ్‌డీఎంఐ వైరు తలకాయ సన్నపైపులో దూరదు. కిటికీలకు మోటారు కర్టెన్ల ఆలోచన ఉంటే పైన ఒక మూలకు ఐదు ఆంపియర్ల పాయింటు చాలు.

స్విచ్ బోర్డుల విషయం మీ ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పాలి. ప్రతి బోర్డులోకీ న్యూట్రల్ రావాలి. సాకెట్టున్న బోర్డుల్లో ఎట్లాగూ వస్తుంది. మెట్ల దగ్గర, మంచం పక్కన టూ వే స్విచ్చులుండే చిన్న బోర్డుల్లోనే రాదు. స్మార్ట్ స్విచ్ చాలావాటికి న్యూట్రల్ లేకుంటే పనిచేయదు. బాక్సులు కూడా లోతు ఎక్కువున్నవి తెప్పించండి, స్విచ్ వెనక స్మార్ట్ మాడ్యూల్ (మామూలు స్విచ్‌ను స్మార్ట్‌గా మార్చే చిన్న ముక్క) పెడితే మామూలు బాక్సులో మూత పడదు.

గేటు దగ్గరికి పోయే వైరు భూమిలో పైపులో పోవాలి, బేతంచెర్ల బండలు పరచకముందే. పాలిష్ అయ్యాక ఒక్క బండ లేపినా పక్కది పగులుతుంది, రంగు కలిసే బండ మళ్ళీ దొరకదు. బయట ఎండలో కనబడే వైరు మామూలు తోలుదైతే మన ఎండకు పగిలిపోతుంది, బయట వాడే నల్ల తోలు వైరు అడిగి కొనండి. మే నెలలో గాలివానలప్పుడు పిడుగుల భయం ఉంది కాబట్టి ఎర్తింగ్ గుంత సరిగా వేయించి, ర్యాక్‌ను కూడా దానికి కలపమనండి. ఎండాకాలం ఆ గుంతలో నీళ్ళు పోయడం మరిచిపోవద్దని ఇంట్లో చెప్పండి, నేల ఎండితే ఎర్తింగ్ పేరుకే.

వైర్లు లాగాక రెండు చివరలా ఒకే నంబరు రాయించండి, రంగులు వేయకముందే టెస్టర్ పెట్టి ప్రతి క్యాట్ 6 వైరులోని ఎనిమిది తీగలూ చూడాలి. జాక్ బిగించేటప్పుడు జతల మెలిక అర ఇంచుకు మించి విప్పకూడదు, రెండు వైపులా ఒకే రంగుల వరస ఉండాలి.

తలుపు సెన్సర్లు, మనిషి కదిలితే వెలిగే సెన్సర్లు, ఉష్ణోగ్రత చూసేవి, వీటికి వైర్లు వేయించకండి. బటన్ బ్యాటరీతోనే చాలాకాలం నడుస్తాయి, ఎక్కడ అతికిస్తే బాగుంటుందో ఇంట్లోకి వచ్చాక గానీ తెలియదు. బ్రాండు గురించీ ఇప్పుడే టెన్షన్ వద్దు, అమ్మానాన్న ఇంట్లో దిగాక తీరిగ్గా కొనొచ్చు.

ప్లాన్ ఫోటో ఉంటే కింద పెట్టండి. మెట్లు ఎటువైపో, సంపు, మోటారు ఎక్కడో, కరెంటు స్తంభం ఏ పక్కనుందో గుర్తు పెట్టండి. స్లాబులో ఏ బాక్సు ఎక్కడ రావాలో గీసి పంపిస్తా, మీ ఎలక్ట్రీషియన్‌కు వాట్సాప్‌లో చూపిస్తే సరిపోతుంది.