క్లాట్ కష్టమా, లాసెట్ తేలికా అనేముందు జవాబు ఎక్కడుందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఇంజనీరింగ్ వద్దు, లా చదువుతానంటోంది. డిసెంబర్లో క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష), ఆ తర్వాత ఏపీ లాసెట్ (రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాయిద్దామనుకుంటున్నాం. మొన్న రాసిన క్లాట్ మాక్ టెస్టులో 120కి 51.5 వచ్చాయి. ఇంగ్లిష్‌లో 24కి 24 రాస్తే 17 ఒప్పు. కరెంట్ అఫైర్స్‌లో 28కి 26 రాస్తే 12, లీగల్‌లో 30కి 22 రాస్తే 18, లాజికల్‌లో 26కి 12 రాస్తే 11 ఒప్పయ్యాయి. మ్యాథ్స్ 12 ప్రశ్నలు అసలు ముట్టుకోలేదు, టైమ్ అయిపోయిందట. నెగటివ్ మార్కులే కొంప ముంచుతున్నాయని తనంటోంది. పేపర్ ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుందని విన్నాం. రెండు పరీక్షలకీ ఒకే ప్రిపరేషన్ సరిపోతుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సెక్షన్ల వారీగా లెక్క పంపడం మంచి పని చేశారు. అసలు సంగతి అందులోనే ఉంది, అది నెగటివ్ మార్కుల సంగతి కాదు.

క్లాట్‌లో తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మీ అమ్మాయి 26 తప్పులు చేసింది కాబట్టి పోయింది ఆరున్నర. చూడకుండా వదిలేసినవి మాత్రం 36. వాటిలో 14 లాజికల్ ప్రశ్నలు. రాసిన పన్నెండింటిలో పదకొండు ఒప్పు పెట్టిన సెక్షన్ అది. ఇంకో 12 మ్యాథ్స్, అవి పదో తరగతి స్థాయివి. ఎంపీసీ పిల్లకు కలిసొచ్చే సెక్షన్ అదే, అక్కడే సున్నా. లాజికల్లో మిగిలిన పద్నాలుగింటిలో 10 ఒప్పయితే నికరంగా 9 మార్కులు. మ్యాథ్స్‌లో 9 ఒప్పయితే 8.25. లీగల్లో వదిలిన ఎనిమిదిలో 6 ఒప్పయితే 5.5. అంటే కొత్తగా ఒక్క పాఠం నేర్చుకోకుండానే 51.5 కాస్తా 74 దాటుతుంది. ఇంగ్లిష్, కరెంట్ అఫైర్స్ దగ్గర టైమంతా ఖర్చుపెట్టి, తనకు బాగా వచ్చిన వాటిని చివరికి నెట్టేసింది. ముందు సరిదిద్దాల్సింది పేపర్ రాసే వరస.

టైమ్ ఎందుకు చాలదో కూడా చూద్దాం. క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు. నిమిషానికో ప్రశ్న అనుకుంటే ధారాళంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ మ్యాథ్స్ పక్కన పెడితే దాదాపు 108 ప్రశ్నలూ పాసేజీల కిందే వస్తాయి. ఒక్కో పాసేజీ 450 పదాల వరకు ఉంటుంది. పాసేజీకి ఐదు ప్రశ్నల చొప్పున చూసినా ఇరవై రెండు పాసేజీలు, సుమారు పదివేల పదాలు. నిమిషానికి 200 పదాలు చదివే పిల్లకు చదవడానికే 50 నిమిషాలు పోతాయి. మిగిలిన 70 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 35 సెకన్లు. ఇందులోనే ఆప్షన్లు చదవాలి, ఓఎంఆర్‌లో గుండ్రాలు దిద్దాలి. పేపర్ అంతా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు తడబడేది ఈ వేగం దగ్గరే, తెలివి దగ్గర కాదు.

అందుకే పేపర్ కష్టమా తేలికా అని అడిగేకంటే, ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడుంది అని అడగడం అలవాటు చేయండి. పాసేజీలో ఉందా, పాసేజీ బయట ఉందా, పాసేజీలో చెప్పిన సూత్రాన్ని తిప్పి వాడితే వస్తుందా? ప్రతి సెక్షన్‌కీ దీని జవాబు వేరు. చదవాల్సిన పద్ధతీ అంతే.

ఇంగ్లిష్‌లో జవాబు పాసేజీలోనే ఉంటుంది. సొంత అభిప్రాయం కలిపితే తప్పుతుంది. ‘రచయిత ఉద్దేశం ఏమిటి’ లాంటి ప్రశ్నల్లో రెండు ఆప్షన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటిలో ఒకటి పాసేజీ చెప్పినదానికంటే కాస్త ఎక్కువ చెబుతుంది. ‘ఎప్పుడూ’, ‘మాత్రమే’, ‘అందరూ’ లాంటి మాటలున్న ఆప్షన్‌ను ముందుగా అనుమానించాలి.

కరెంట్ అఫైర్స్ దీనికి తలకిందులు. పాసేజీ విషయం ఏమిటో చెబుతుంది, జవాబు చాలాసార్లు అందులో ఉండదు. ఉదాహరణకు చట్టసభల్లో మహిళలకు మూడోవంతు సీట్లు కేటాయించిన 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ గురించి పాసేజీ ఇచ్చి, పంచాయతీల్లో మహిళలకు రిజర్వేషన్ ఏ సవరణతో వచ్చిందని అడగొచ్చు. 73వ సవరణ అని పాసేజీని ఎన్నిసార్లు చదివినా దొరకదు. కాబట్టి ఇక్కడ ముందు ప్రశ్నలు చూడాలి. తెలిసినవి పెట్టేసి, మిగిలిన వాటికోసం పాసేజీని పైపైన తిరగేయాలి, అంతే. మీ అమ్మాయి ఈ పాసేజీలన్నీ పూర్తిగా చదివి ఉంటుందని నా అనుమానం, అడిగి చూడండి. ఈ సెక్షన్‌కు 17 నిమిషాలు మించకూడదు.

లీగల్ రీజనింగ్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇద్దరికి సమాన మార్కులు వచ్చినప్పుడు క్లాట్‌లో ముందుగా చూసేది ఈ సెక్షన్ మార్కులనే. ఇక్కడ చట్టం ముందే తెలిసి ఉండనక్కర్లేదు. సూత్రం పాసేజీలో ఉంటుంది, కథ ప్రశ్నలో ఉంటుంది. ఇలా ఉంటుందనుకోండి: ఒకరి స్వాధీనంలో ఉన్న వస్తువును వారి అనుమతి లేకుండా, దుర్బుద్ధితో, తీసుకునే ఉద్దేశంతో కదిలిస్తే అది దొంగతనం. ఇది సూత్రం. కథ ఇది: విజయవాడ బస్టాండులో రవి తన బ్యాగే అనుకుని అచ్చం అలాంటిదే ఇంకొకరి బ్యాగు తీసుకుని గుంటూరు బస్సెక్కాడు. ఇంటికెళ్లి తెరిచాక తనది కాదని తెలిసింది. అప్పుడు అందులోని డబ్బు చూసి ఉంచేసుకున్నాడు. రవి చేసింది దొంగతనమా?

చాలామంది అవునంటారు. డబ్బు ఉంచేసుకున్నాడు కదా, తప్పు కాదా అని మనసు చెబుతుంది. కానీ సూత్రం ప్రకారం వస్తువును కదిలించే సమయానికే దుర్బుద్ధి ఉండాలి. బస్టాండులో అతనికి అది లేదు. కాబట్టి దొంగతనం కాదు. నిజంగా చట్టంలో దీనికి వేరే నేరం ఉంది, భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్లోని ఆస్తి దుర్వినియోగం. ఆ సంగతి తెలిసిన పిల్ల ఇంకో వలలో పడుతుంది. పాసేజీ ఆ నేరం ఊసే ఎత్తకపోయినా ఆ ఆప్షన్ పెట్టి వస్తుంది. సూత్రంలోని షరతులను ఒకటి, రెండు, మూడు అని పాసేజీ పక్కనే పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, కథలో ఒక్కోటీ ఉందో లేదో సరిచూస్తే రెండు వలలూ తప్పుతాయి. ‘అయితే’, ‘తప్ప’, ‘ఒకవేళ’ అనే మాటల కింద గీత గీయాలి. మినహాయింపులన్నీ ఆ మాటల వెనకే ఉంటాయి. అదే పాసేజీ కింద నాలుగో ప్రశ్న, ఐదో ప్రశ్న తరచుగా ఆ మినహాయింపు మీదే వస్తాయి.

లాజికల్లో ఎక్కువగా వాదనలు విడదీయడమే ఉంటుంది. ఈ వాదన దేన్ని ఊరికే నమ్మేసింది, ఏ విషయం చెబితే బలహీనపడుతుంది, దీన్నుంచి కచ్చితంగా ఏం తేలుతుంది. మీ అమ్మాయికి ఇది సహజంగా వస్తోంది. మ్యాథ్స్‌లో శాతాలు, నిష్పత్తులు, సగటులు, అంకెల పట్టికలు. 10 నుంచి 14 ప్రశ్నలు. ఎంపీసీ పిల్లలు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది, రాని లెక్కను పట్టుకుని పంతానికి నాలుగు నిమిషాలు కూర్చుంటారు. నిమిషంన్నరకు దారి దొరక్కపోతే వదిలి ముందుకెళ్లాలి.

తర్వాతి మాక్‌లో ఈ వరస పెట్టించండి: కరెంట్ అఫైర్స్ 17 నిమిషాలు, లీగల్ 36, లాజికల్ 27, మ్యాథ్స్ 13, ఇంగ్లిష్ 22. మొత్తం 115, ఐదు నిమిషాలు చేతిలో ఉంటాయి. గుండ్రాలు ప్రతి పాసేజీ అవగానే దిద్దాలి. చివర్లో ఒకేసారి దిద్దుదామనుకుంటే ఒక్క వరస జారినా కింద ఉన్నవన్నీ తప్పిపోతాయి.

ఊహించి పెట్టడం మీద ఉన్న భయం గురించి కూడా చెప్పండి. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు 16 కళ్లు మూసుకుని పెడితే సగటున 4 ఒప్పు, 12 తప్పు. నాలుగు మార్కులు వచ్చి మూడు పోతాయి. అంటే మిగిలేది ఒక్క మార్కే, దాదాపు లాభమూ లేదు, నష్టమూ లేదనుకోవచ్చు. కానీ ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే లెక్క మనవైపు తిరుగుతుంది, రెండు కాదని తెలిస్తే తప్పక పెట్టాల్సిందే.

ఏడాదికో రకంగా వస్తుందన్న మాట నిజమే, కానీ మారేది రెండు రకాలుగా. ఒకటి పెద్ద మార్పు. క్లాట్ 2008లో మొదలైంది. 2019 వరకు 200 నేరు ప్రశ్నలు ఉండేవి. 2020 నుంచి పాసేజీ పద్ధతిలో 150 అయ్యాయి. క్లాట్ 2024 నుంచి 120. కాబట్టి 2019 వరకు వచ్చిన పేపర్లను క్లాట్ మాక్‌గా రాయించకండి. 2020 నుంచి 2023 వరకు వచ్చినవి పాసేజీల సాధనకు బంగారం లాంటివి, అయితే ఆ మార్కులను ఇప్పటి మార్కులతో పోల్చి బాధపడొద్దు. రెండోది చిన్న మార్పు. ఒక ఏడాది లాజికల్ బిగుస్తుంది, ఇంకో ఏడాది మ్యాథ్స్. ఏది బిగుస్తుందో జోస్యం చెప్పేవాళ్ల మాట వినకండి. పేపర్ కష్టంగా వస్తే అందరికీ కష్టమే, సీటు తేల్చేది ర్యాంకు. ఒక సెక్షన్ బిగిసినా దానికి కేటాయించిన నిమిషాలు దాటకుండా బయటికి రాగలిగిన పిల్లకు పేపర్ ఎలా వచ్చినా నష్టం తక్కువ.

ఇప్పుడు లాసెట్. ఇది వేరే పరీక్ష. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, కంప్యూటర్ మీద, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. నెగటివ్ లేదు, కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీసం లేదు. ఇక్కడ జవాబు ఎక్కువగా జ్ఞాపకంలో ఉంటుంది. విద్యాహక్కు ఏ ఆర్టికల్ అంటే 21ఏ అని తెలిసి ఉండాలి. రిట్లు (హక్కుల రక్షణకు పెద్ద కోర్టులు ఇచ్చే ఆదేశాలు) ఐదు, ఏది ఎప్పుడు వేస్తారు, ఆర్టికల్ 32కి 226కి తేడా ఏమిటి, ‘ఆడి ఆల్టెరమ్ పార్టెమ్’ లాంటి లాటిన్ సూక్తుల అర్థం ఏమిటి అనేవి నేరుగా అడుగుతారు. క్లాట్ కోసం చదివిన పిల్ల ‘తేలికే కదా’ అని వచ్చి ఈ 60 మార్కుల దగ్గరే చిక్కుకుంటుంది.

కాబట్టి ఒకే ప్రిపరేషన్ పూర్తిగా సరిపోదు, కానీ రెండు రెట్ల శ్రమా అక్కర్లేదు. కరెంట్ అఫైర్స్ రెండింటికీ పనికొస్తుంది. లీగల్ పాసేజీలు చదివేటప్పుడు ఎదురైన ఆర్టికల్ నంబర్లు, సూక్తులు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోతే లాసెట్‌కు సగం పని అయినట్టే. డిసెంబర్ దాకా క్లాట్, ఆ తర్వాత మార్చి వరకు ఇంటర్ పరీక్షలు మాత్రమే. ఇంటర్లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం లేకపోతే రెండింట్లో ఏ ర్యాంకూ పనికిరాదు. పరీక్షలు అయ్యాక లాసెట్ తేదీ వరకు దొరికే వారాలు రాజ్యాంగం, సూక్తులు, జీకే బట్టీకి.

పుస్తకాల విషయంలో ఒక హెచ్చరిక. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత లా ఎంట్రన్స్ పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. లాజికల్ సాధనకు తీసుకోండి, తప్పులేదు. నేరాల సెక్షన్లు మాత్రం వాటిలో చదివించొద్దు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం), సాక్ష్య చట్టం కూడా మారాయి.

హాస్టల్లో ఉన్న పిల్లకు ఫోన్ ఉండదు, రోజూ పేపర్ చదవడమూ కుదరదు. ఆ లోటు మీరు పూడ్చగలరు. ఒక ఇంగ్లిష్ దినపత్రిక వేయించుకుని సంపాదకీయ పేజీ, సుప్రీంకోర్టు తీర్పుల వార్తలు, కొత్త చట్టాలు, నియామకాలు కత్తిరించి ఫైల్లో పెట్టండి. తేదీల వారీగా కాదు, విషయాల వారీగా. ఆదివారం కలిసినప్పుడు ఇచ్చి రండి. రోజుకు ఒక సంపాదకీయం గడియారం పెట్టుకుని చదవమనండి. మూడు నిమిషాల్లో చదివి, చూడకుండా రెండు వాక్యాల్లో సారాంశం రాయాలి. వేగమొక్కటే పెరిగి అర్థం జారిపోతే ఆ రెండు వాక్యాల్లోనే బయటపడుతుంది.

వీలుంటే ఐలెట్ కూడా రాయించండి. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ సీటు దాంతోనే. 150 ప్రశ్నల్లో 70 లాజికల్, మ్యాథ్స్ సెక్షన్ లేదు. మీరు పంపిన లెక్కను బట్టి ఆ పేపర్ తనకు సరిపోయేలా ఉంది. ఇక విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి క్లాట్ ర్యాంకు కావాలి. గుంటూరు ఏసీ, జేసీ లా కాలేజీలు, విజయవాడ సిద్ధార్థ లా కాలేజీ లాసెట్ దారిలో వస్తాయి.

పైన చెప్పిన వరసలో రెండు మాక్‌లు రాశాక తప్పుల పక్కన కారణం రాయించండి: షరతు చూడలేదు, బయటి జ్ఞానం కలిపింది, తెలియదు, టైమ్ లేదు. ఈ నాలుగింటిలో ఏది ఎన్నిసార్లు వచ్చిందో సెక్షన్ల వారీగా పంపితే, తర్వాతి నెల ఏం చదవాలో దాన్నిబట్టి చెబుతాను.